ఆ నడక, ఆ గొంతు: ఝాన్ మొరో సినిమాలు వరసగా చూస్తే



దర్శకుల పేరు మీద చిత్రోత్సవాలు జరగడం మనకు కొత్త కాదు. సత్యజిత్ రాయ్ సినిమాలు ఒక వారం, కురొసావా సినిమాలు ఒక వారం వేస్తూనే ఉంటారు. అదే ఒక నటి పేరు మీద రెట్రాస్పెక్టివ్ పెడదామంటే ఫిల్మ్ సొసైటీల వాళ్లు కాస్త నసుగుతారు. దర్శకుడి సినిమాల్లో ఆయన ఆలోచన కనిపిస్తుంది, ఒకదాన్నుంచి ఇంకొకదానికి ఆయన ఎటు నడిచాడో తెలుస్తుంది. నటిదేముంది, పిలిచినవాళ్ల సినిమాలో ఇచ్చిన వేషం వేస్తుంది, అవన్నీ ఒకచోట చేరిస్తే కొత్తగా ఏం తెలుస్తుంది అని వాళ్ల అనుమానం. పైకి అనరు. పేరున్న సినిమాలు నాలుగు వేసి, పూలదండ వేసి, నాలుగు మంచి మాటలు చెప్పి ముగించేస్తే సరిపోతుందని లోలోపల అనుకుంటారు.

ఆ అనుమానం ఉన్నవాళ్లు ఒకసారి ఫ్రెంచి నటి ఝాన్ మొరో సినిమాలు వరసగా చూడాలి. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ 1994లోనే, ఆమె బతికుండగానే, ఆమె చిత్రాలను ఒక వరసలో ప్రదర్శించింది. 2017 జులై 31న పారిస్‌లో, 89 ఏళ్ల వయసులో ఆమె పోయాక చాలా దేశాల్లో ఆ పని మళ్లీ జరిగింది. అలా పదో పన్నెండో సినిమాలు వరసగా చూసినవాళ్లకు ఒక సంగతి తెలిసివస్తుంది. లూయీ మాల్, త్రుఫో, ఆంటోనియోని, బున్యుయెల్, ఆర్సన్ వెల్స్ లాంటి మహామహులు ఆమెను ఎంచుకున్నారని పుస్తకాలు చెబుతాయి. ఎంచుకున్నది వాళ్లు మాత్రమే కాదు. ఆవిడ కూడా వాళ్లను ఏరి ఏరి ఎంచుకుంది. ఇవాళ్టి నా ప్రసంగం ఆ ఎంపిక గురించే.

మొరో 1928 జనవరి 23న పారిస్‌లో పుట్టింది. తండ్రి హోటలు నడిపే ఫ్రెంచి మనిషి. తల్లి ఇంగ్లండు నుంచి వచ్చిన డాన్సరు, పారిస్‌లో పేరుపడ్డ ఫోలీ బెర్జేర్ వేదిక మీద బృందంలో నాట్యం చేసేది. రెండో ప్రపంచ యుద్ధంలో పారిస్ జర్మన్ల చేతిలో ఉన్న రోజుల్లో ఈ పిల్ల అనూయ్ రాసిన ‘ఆంటిగొనీ’ నాటకం చూసింది, తను చేయాల్సిన పని అదేనని తేల్చుకుంది. తండ్రి ససేమిరా అన్నాడు. భార్య డాన్సరు అయినా ఫర్వాలేదు గానీ, కూతురు మాత్రం రంగస్థలం ఎక్కకూడదు! ఇలాంటి తండ్రులు మనకూ తెలుసు. ఆమె మాత్రం వెనక్కి తగ్గలేదు, కన్సర్వేటరీలో చేరి నటన నేర్చుకుంది. 1947లో, ఇంకా ఇరవై నిండకుండానే, మూడు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉన్న కొమెదీ ఫ్రాన్సేజ్ నాటకశాలలో చేరింది. అదే ఏడు దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆవిన్యోన్‌లో ఝాన్ విలార్ మొదలుపెట్టిన నాటకోత్సవంలోనూ పాల్గొంది.

కొమెదీ ఫ్రాన్సేజ్ అంటే ప్రభుత్వ కొలువు. గౌరవం ఉంటుంది, నెల తిరిగేసరికి జీతం వస్తుంది, పెద్ద పెద్ద రచయితల నాటకాలు దొరుకుతాయి. నాలుగైదేళ్లకే ఆమె దాన్ని వదిలేసి విలార్ బృందానికి వెళ్లిపోయింది. ఆమె జీవితంలో ఇలాంటి వదిలేయడాలు చాలా కనిపిస్తాయి. ఇది మొదటిది.

సినిమాలు కూడా అప్పుడే మొదలయ్యాయి, కానీ కలిసిరాలేదు. ఆ రోజుల్లో ఫ్రెంచి సినిమా కథానాయిక అంటే నున్నని చెక్కిళ్లు, ఎటు తిప్పినా మెరిసే ముఖం. మొరో కళ్ల కింద నీడలు ఉండేవి, పెదవుల చివరలు కిందికి వంగి ఉండేవి. ఆమె ముఖం కెమెరాకు పనికిరాదని నిర్మాతలు తీర్పు చెప్పేశారు. అలాగని వేషాలు ఇవ్వకుండా ఉండలేదు, ఇరవై దాకా సినిమాల్లో దొంగల వెంట తిరిగే ఆడమనిషి, క్యాబరే పిల్ల లాంటివి ఇచ్చారు. ముఖం మీద మేకప్ మందంగా పూసి, నీడలు లేకుండా లైట్లు గుమ్మరించి తీశారు. 1954లో ఝాక్ బెకెర్ తీసిన ‘తుషే పా ఓ గ్రిస్బి’లో కథానాయకుడు ఝాన్ గాబెన్ చేతిలో చెంపదెబ్బలు తినే అమ్మాయి ఈమే. చూస్తే చటుక్కున పోల్చుకోలేరు. రెట్రాస్పెక్టివ్ పెట్టేవాళ్లు ఈ కాలాన్ని మొత్తంగా ఎగరగొడతారు. కనీసం ఈ ఒక్క సినిమా అయినా వేయాలంటాను. ముందు ఏం దాచిపెట్టారో చూస్తేనే తర్వాత బయటపడింది ఏమిటో తెలుస్తుంది.

బయటపడింది 1957లో. పీటర్ బ్రూక్ పారిస్‌లో ఆడించిన టెనెసీ విలియమ్స్ నాటకం ‘క్యాట్ ఆన్ ఎ హాట్ టిన్ రూఫ్’లో మొరో నటిస్తుండగా లూయీ మాల్ అనే పాతికేళ్ల కుర్రాడు చూశాడు. అతను అప్పటికి సొంతంగా ఒక్క కథాచిత్రం కూడా తీయలేదు, డబ్బూ అంతంతమాత్రం. ఆ సినిమా ఒప్పుకోవద్దని ఆమె ఏజెంటు గట్టిగా చెప్పాడు. ఆమె ఏజెంటును మానేసి సినిమా ఒప్పుకుంది.

ఆ సినిమా ‘ఎలివేటర్ టు ది గ్యాలోస్’. ఒక వ్యాపారి భార్య, ఆమె ప్రియుడు కలిసి ఆ వ్యాపారిని చంపాలని పథకం వేస్తారు. ప్రియుడు పని ముగించాడు, మరచిపోయిన తాడు కోసం వెనక్కి వెళ్లాడు, శనివారం సాయంత్రం ఆఫీసు మూసి కరెంటు తీసేయడంతో లిఫ్టులో ఇరుక్కుపోయాడు. ఇది తెలియక ఆమె రాత్రంతా అతన్ని వెతుక్కుంటూ పారిస్ వీధులన్నీ తిరుగుతుంది. కథ అంతే, మామూలు క్రైం కథ. ఆ తిరగడం మాత్రం మామూలుది కాదు. ఛాయాగ్రాహకుడు ఆన్రీ దెకే తక్కువ వెలుగులోనూ పనిచేసే ఫిల్ము వేసి, కెమెరాను పసిపిల్లల తోపుడుబండిలో పెట్టి, షాంజెలిజే వీధిలో దుకాణాల అద్దాల వెలుగు తప్ప వేరే లైటు లేకుండా తీశాడు. మేకప్ దాదాపు లేదు. ఒక దుకాణం ముందుకు రాగానే ముఖం తెల్లగా వెలుగుతుంది, రెండడుగులు వేయగానే సగం చీకట్లోకి పోతుంది. కళ్ల కింది నీడలు నీడల్లాగే ఉన్నాయి. వాన పడుతుంటే తడిసిపోతూనే నడుస్తుంది. ఏడవదు, పరుగెత్తదు. తనలో తను ఏదో గొణుక్కుంటూ ఉంటుంది, అది మనకు గొంతుగా వినిపిస్తుంది.

మొదటి రోజుల ఫిల్ము కడిగిన ల్యాబు సాంకేతికులు హడలిపోయారట. ఈ మాల్, దెకే ఇద్దరూ కలిసి మంచి నటిని పాడుచేస్తున్నారు, ఆపండి అని నిర్మాతకు మొర పెట్టుకున్నారు. మాల్ ఈ సంగతి తర్వాత నవ్వుకుంటూ చెప్పేవాడు. ఆ ల్యాబు వాళ్లను నేను తప్పుపట్టను, అంతవరకు వాళ్లకు తెలిసిన అందం వేరు. సినిమా విడుదలయ్యేసరికి చూసేవాళ్లకు ఆ ముఖం కావాల్సివచ్చింది. న్యూ వేవ్ అని మనం పిలిచే కుర్ర దర్శకుల గుంపు అప్పటికింకా పూర్తిగా రంగంలోకి దిగలేదు. వాళ్లకు కావాల్సిన ముఖం వాళ్లకంటే ముందే సిద్ధమైపోయింది.

రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి ఆ సినిమా సంగీతం సంగతి చెప్పకుండా వదలలేను. అమెరికన్ జాజ్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ అప్పుడు పారిస్‌లో ఉన్నాడు. 1957 డిసెంబరులో ఒక రాత్రి ఆయనను, మరో నలుగురు వాద్యకారులను స్టూడియోకు పిలిచి, సినిమాలోని ముక్కలను తెర మీద తిప్పి తిప్పి వేశారు. వాళ్లు ఆ ముఖాన్ని చూస్తూ అప్పటికప్పుడు వాయించారు. రాసుకొచ్చిన స్వరాలు దాదాపు లేవు. తెల్లారేసరికి పని అయిపోయింది. ఆ స్టూడియో పేరు పోస్ట్ పరిసియెన్, ఒకప్పటి రేడియో స్టేషను. ఉన్నది కూడా షాంజెలిజే మీదే. మొరో తెరమీద నడిచిన వీధిలోనే ఆమె నడకకు ట్రంపెట్ తోడైంది. ఆ రాత్రి ఆమె కూడా స్టూడియోలోనే ఉంది.

మాల్ మరుసటి సినిమా ‘ద లవర్స్’లోనూ ఆమే, 1958. డబ్బున్న ఇంటి ఇల్లాలు ఒక్క రాత్రి పరిచయంతో భర్తను, చిన్నారి కూతురిని, ఇంటిని వదిలి తెల్లవారుజామున వెళ్లిపోతుంది. వెళ్లిపోయినందుకు సినిమా ఆమెకు శిక్ష వేయదు. అసలు గొడవంతా అక్కడే వచ్చిందని నాకనిపిస్తుంది. వెనిస్ ఉత్సవంలో బహుమతి వచ్చింది, మతపెద్దలు మండిపడ్డారు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఈ సినిమా ఆడించిన థియేటరు మేనేజరు మీద అశ్లీలం కేసు పెట్టి 2,500 డాలర్ల జుల్మానా వేశారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1964లో కోర్టు శిక్ష కొట్టేసింది. అశ్లీలం అంటే ఏమిటో నిర్వచించలేను గానీ చూస్తే తెలుస్తుంది, ఈ సినిమా మాత్రం అది కాదు అని జస్టిస్ పాటర్ స్టూవర్ట్ రాసిన మాట న్యాయశాస్త్రం చదివే పిల్లలందరికీ తెలుసు. ఆ మాట పుట్టింది మొరో సినిమా చూసే అన్న సంగతి వాళ్లలో చాలామందికి తెలియదు.

ఇక్కడ కాస్త పక్కకు వెళ్తాను, మనకు సంబంధమున్న విషయం కాబట్టి. మొరోను తారను చేసిన లూయీ మాల్ తర్వాత పదేళ్లకు మన దేశం వచ్చి నెలల తరబడి తిరిగి ‘ఫాంటమ్ ఇండియా’ అనే ఏడు భాగాల డాక్యుమెంటరీ తీశాడు. మద్రాసు, కళాక్షేత్ర కూడా అందులో ఉన్నాయి. దాన్ని బి.బి.సి. ప్రసారం చేస్తే, మన పేదరికమే చూపించారని మన ప్రభుత్వానికి కోపం వచ్చి 1970లో ఢిల్లీలో వాళ్ల ఆఫీసే మూయించింది. ఇక ఆమెను రంగస్థలం మీద నడిపించిన పీటర్ బ్రూక్, ఆమె నటించిన రెండు సినిమాలకు రచనలో చేయి వేసిన ఝాన్ క్లోద్ కారియేర్, ఈ ఇద్దరూ కలిసి మన మహాభారతాన్ని నాటకం చేశారు. తొమ్మిది గంటల నాటకం. 1985లో దాన్ని మొదట ఆడింది ఆవిన్యోన్ ఉత్సవంలో, ఊరవతల ఒక రాతి క్వారీలో. మల్లికా సారాభాయి ద్రౌపది. మొరో 19 ఏళ్ల వయసులో పాల్గొన్న ఉత్సవం అదే.

సరే, మళ్లీ సినిమాలకు వద్దాం. 1960లో ‘మొదెరాతో కాంతాబిలే’కు కాన్ ఉత్సవంలో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. మార్గరీత్ ద్యురాస్ నవలకు బ్రూక్ చేసిన సినిమా అది. బహుమతి సంగతి ఎలా ఉన్నా, నా దృష్టిలో ఆ ఏళ్లలో ఆమె చేసిన గొప్ప పని ఆ మరుసటి ఏడు ఇటలీలో, ఆంటోనియోని తీసిన ‘లా నోత్తె’లో. మిలాన్ నగరం, పేరున్న రచయిత, అతని భార్య. మొగుడు మాస్ట్రోయాన్ని, పెళ్లాం మొరో. ఒక పగలు, ఒక రాత్రి, అంతే కథ. భర్త కొత్త పుస్తకం విడుదల సభ నుంచి ఆమె చెప్పకుండా బయటికి వచ్చి ఊరి మీద పడుతుంది. కొట్టుకుంటున్న కుర్రాళ్లను చూస్తుంది, గోడ నుంచి రాలే పెచ్చును వేలితో గీరుతుంది, పొలంలో ఎవరో రాకెట్లు వదులుతుంటే నిలబడి చూస్తుంది. ఎలివేటర్ సినిమాలో నడకకు ఒక గమ్యం ఉంది, ప్రియుడు దొరకాలి. ఇక్కడ దేన్నీ వెతకడం లేదు. అదే నటి, అదే నడక, మూడేళ్ల తేడా. ఈ రెండు నడకలూ ఒకే వారంలో పక్కపక్కన చూసినవాడికి నటన గురించి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

చివర తెల్లవారుతుండగా, ఒక ధనవంతుడి ఇంటి గోల్ఫ్ మైదానంలో కూర్చుని, ఆమె హ్యాండ్‌బ్యాగు నుంచి ఒక పాత ఉత్తరం తీసి భర్తకు చదివి వినిపిస్తుంది. నిండు ప్రేమతో రాసిన ఉత్తరం. గొంతులో ఎత్తుపల్లాలు ఉండవు, కిరాణా పద్దు చదివినట్టు చదువుతుంది. ఎవరు రాశారు అని భర్త అడుగుతాడు. నువ్వే, అంటుంది. ఇంకో నటి అయితే ఆ మాట దగ్గర ఒక్క క్షణమైనా ఆగేది. మొరో ఆగలేదు.

ఇక అందరికీ తెలిసిన సినిమా, ‘జూల్స్ అండ్ జిమ్’. త్రుఫో, 1962. ఇద్దరు స్నేహితులు, మధ్యలో కేథరీన్. మొరో పేరు ఎత్తగానే పోస్టర్ల మీద కనిపించేది ఇదే. అబ్బాయి బట్టలు వేసుకుని, మీసం గీసుకుని, టోపీ పెట్టుకుని వంతెన మీద పరుగు పందెం. లెక్క పూర్తికాకముందే ఆమె పరుగు అందుకుంటుంది, అంటే మోసం చేస్తుంది. గెలుస్తుంది.

నాకు ఈ సినిమా మీద ఒక ఫిర్యాదు ఉంది. కేథరీన్ మనిషిగా కంటే ఇద్దరు మగవాళ్ల కలగా ఎక్కువ రాశారు. ఆమె ఎందుకలా చేస్తుందో సినిమాకు తెలియదు, తెలుసుకోవాలన్న ఆదుర్దా కూడా తక్కువ. చపలచిత్తం అనేసి ఊరుకుంటే సరిపోతుందనుకున్నట్టు ఉంటుంది. అయినా మనం ఆమెను నమ్ముతాం. ఆ నమ్మకం కాగితం మీద లేదు, మొరో తెచ్చిపెట్టింది. రచనలో లేని కారణాన్ని ఆమె ముఖం సరఫరా చేస్తుంది. నవ్వుతుంటే బొమ్మను క్షణం ఆపేసి, మళ్లీ కదిలిస్తాడు త్రుఫో. ఆ ఆగిన ముఖంలో నవ్వుతోపాటు ఇంకేదో ఉంది. ఆ ఇంకేదో లేకపోతే చివరి విషాదం మన మీద రుద్దినట్టయ్యేది.

ఇందులోనే ‘ల తుర్బియోన్’ పాట ఉంది. సెర్జ్ రెజ్వానీ రాసి స్వరపరిచాడు, సినిమాలో గిటారు వాయించే పాత్ర వేసింది కూడా ఆయనే. మొరో స్వయంగా పాడింది. చూసేటప్పుడు ఆమె చేతిని గమనించండి. పాడుతూ పాడుతూ రెండు చరణాలు తారుమారు చేసేసింది. తప్పు తెలిసి, చెయ్యి చిన్నగా తిప్పి అటుదిటు అయిందన్నట్టు సైగ చేసి, పాట ఆపకుండా కొనసాగించింది. త్రుఫో ఇంకో టేకు తీయలేదు, దాన్నే ఉంచేశాడు. ఇప్పుడు ఆ సైగ లేకుండా ఆ పాటను ఊహించుకోలేం.

1964లో బున్యుయెల్ ‘డైరీ ఆఫ్ ఎ చాంబర్‌మెయిడ్’. పారిస్ నుంచి పల్లెలోని ఒక పెద్దింటికి పనిమనిషిగా వస్తుంది సెలెస్తీన్. ఆ ఇంటి ముసలాయనకు ఒక పిచ్చి: పాత బూట్లు బీరువాలో దాచుకుని, పనిమనిషి చేత తొడిగించి తన ముందు అటూ ఇటూ నడిపించుకుంటాడు. ఎత్తు మడమల జోడు వేసుకుని నడిచేటప్పుడు మొరో పాదం రవ్వంత వణుకుతుందని, ఆ వణుకులో ఏదో బిగువు, ఏదో నిలకడలేనితనం కనిపిస్తాయని, ఆ నడకను తీయడమే తనకు సంతోషమని బున్యుయెల్ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఆ మాట చదివాక సినిమా చూస్తే కళ్లు పాదాల మీదికే పోతాయి. పోవాలి కూడా. సెలెస్తీన్ నోటితో చెప్పేది ఒకటి, ఆమె నడక చెప్పేది ఇంకొకటి. ఒక పసిపిల్ల హత్యకు గురైతే హంతకుడిని పట్టివ్వడానికి పూనుకుంటుంది, అదే మనిషి చివరకు పొరుగింటి ముసలి కెప్టెన్‌ను పెళ్లాడి మంచం మీదికే ఫలహారం తెప్పించుకుంటుంది. మంచిదా, గడుసుదా? బున్యుయెల్ తేల్చలేదు, మొరో కూడా తేల్చనివ్వలేదు.

ఒక్క సినిమానే చూసే తీరిక ఉందంటే నేను చెప్పేది మాత్రం వీటిలో ఏదీ కాదు. 1963లో ఝాక్ దెమీ తీసిన ‘బే ఆఫ్ ఏంజెల్స్’. నీస్ నగరం, సముద్రపు ఒడ్డు, కాసినోలు. జుట్టు తెల్లగా మెరిసేలా రంగు వేసుకుని, తెల్ల బట్టలు, చేతిలో సిగరెట్టుతో జాకీ. జూదం వల్ల మొగుడూ కొడుకూ దూరమయ్యారు, అయినా ఆట మానదు. మొదటి షాట్‌లోనే ఆమె ఒడ్డున నడిచి వస్తుంటుంది. కెమెరా ఆమెను చూసి ఒక్కసారిగా వెనక్కి వెనక్కి పరుగు తీస్తుంది, మిషెల్ లెగ్రాన్ పియానో దాని వెంట పరుగెడుతుంది. ఆమె చిన్నదై, చుక్కయి, కనిపించకుండా పోతుంది.

మన సినిమాల్లో జూదగాడు అంటే మగవాడే. భార్య పుస్తె తాకట్టు పెడతాడు, చివరికి బుద్ధి తెచ్చుకుంటాడు. ఇక్కడ జూదం ఆడది ఆడుతుంది. డబ్బు కోసం కాదు, డబ్బు వస్తే ఏం చేయాలో ఆమెకు తెలియదు. మొదటిసారి కాసినోలో అడుగుపెట్టినప్పుడు చర్చిలో కలిగిన భావమే కలిగిందని చెబుతుంది. చక్రం తిరుగుతున్నంతసేపు మొరో ముఖం చూడండి. గెలుస్తామన్న ఆశ కాదు, భయం కాదు, విశ్రాంతి! మిగతా సమయమంతా గలగల మాట్లాడుతూ, సిగరెట్టు మీద సిగరెట్టు కాలుస్తూ ఉండే మనిషి ఆ కాసేపే నెమ్మదిస్తుంది. వ్యసనం అంటే ఏమిటో చెప్పిన సినిమాలు చాలా ఉన్నాయి, ఆ నెమ్మదిని పట్టుకున్నవి నాకు తెలిసి తక్కువ. చివరి నిమిషంలో కథను తొందరపడి సుఖాంతం చేశారు. దాన్ని నేను నమ్మను. ఆమె నడకను చూస్తే ఆమె కూడా నమ్మినట్టు లేదు.

ఆర్సన్ వెల్స్‌తో చేసినవి, బ్రిజిత్ బార్దోతో కలిసి విప్లవం నడిపిన ‘వివా మరియా’, త్రుఫో ‘ద బ్రైడ్ వోర్ బ్లాక్’, ఇవన్నీ చూడదగ్గవే. వివరాల్లోకి వెళ్లను. వెల్స్ ఆమెను ప్రపంచంలోకెల్లా గొప్ప నటి అనేవాడంటారు. ఆయన దగ్గర డబ్బు ఎప్పుడూ ఉండేది కాదు, అయినా పిలిచినప్పుడల్లా ఆమె వెళ్లింది. ‘ద ట్రయల్’, ‘చైమ్స్ ఎట్ మిడ్‌నైట్’, ‘ద ఇమ్మోర్టల్ స్టోరీ’.

సాధారణంగా రెట్రాస్పెక్టివ్‌లు ఇక్కడితో, అంటే 1968తో ఆగిపోతాయి. అప్పటికి ఆమెకు నలభై. నటి పేరు మీద జరిగే ఉత్సవాల్లో ఇదే నాకు నచ్చనిది. దర్శకుడైతే ముసలితనంలో తీసింది కూడా భక్తిగా వేస్తారు. నటి దగ్గరికొచ్చేసరికి ముడతలు రాగానే తెర దించేస్తారు. మొరో విషయంలో అలా చేస్తే సగం మనిషిని దాచినట్టే.

1974లో బెర్ట్రాన్ బ్లియే ‘లె వాల్సూజ్’ తీశాడు. ఇద్దరు పోకిరీ కుర్రాళ్లు, జైలు నుంచి విడుదలయ్యే ఆడమనిషి కోసం గేటు దగ్గర కాపు కాస్తారు. బయటికి వచ్చేది మొరో. తెరమీద ఉండేది కొద్దిసేపే. ఏళ్ల తర్వాత సముద్రం చూస్తుంది, తృప్తిగా భోంచేస్తుంది, ఆ రాత్రి గడిచాక తన ప్రాణం తనే తీసుకుంటుంది. అల్లరిగా, కొన్నిచోట్ల ఆడవాళ్ల పట్ల మొరటుగా నడిచే సినిమా అది. ఆ కొద్దిసేపు మాత్రం గొంతు మారిపోతుంది. ఆమె వెళ్లిపోయాక సినిమా మళ్లీ మామూలు అల్లరిలో పడుతుంది గానీ, చూసేవాళ్ల మనసు పడదు.

తర్వాత కెమెరా వెనక్కి వెళ్లింది. 1976లో ‘లూమియేర్’, 1979లో ‘లదొలెసాంత్’, 1983లో మూకీల కాలపు నటి లిలియన్ గిష్ మీద డాక్యుమెంటరీ. మొదటిది నలుగురు నటీమణుల స్నేహం గురించి. పోటీ గురించి కాదు, స్నేహం గురించి. నటీమణులు ఒకరి జుట్టు ఒకరు పీక్కుంటారనే కథలు రాసి అలసిపోయిన మగ రచయితలు చూడాల్సిన సినిమా. రెండోది 1939 వేసవి, యుద్ధం వచ్చి పడబోయే ముందు, ఒక పల్లెలో ఎదిగే పిల్ల కథ. బామ్మ వేషం సిమోన్ సిన్యోరే వేసింది. మనకు భానుమతిగారు ఉన్నారు కాబట్టి ఇదంతా మరీ వింతగా అనిపించదు. ఆవిడ 1953లోనే ‘చండీరాణి’కి మూడు భాషల్లో దర్శకత్వం వహించారు, తన పాటలు తనే పాడుకున్నారు. ఫ్రాన్స్‌లో మొరో ఆ పని చేసేసరికి ఇరవైమూడేళ్లు గడిచాయి.

గర్భస్రావం నేరమైన రోజుల్లో, 1971లో, ఆ నేరం మేమూ చేశామని 343 మంది ఫ్రెంచి స్త్రీలు సంతకాలు పెట్టి పత్రికలో ప్రకటించారు. అందులో మొరో సంతకం ఉంది. 1975లో, మళ్లీ 1995లో కాన్ ఉత్సవం జ్యూరీకి అధ్యక్షురాలైంది. 2000లో ఫ్రాన్స్ లలితకళల అకాడమీకి ఎన్నికైన తొలి మహిళ అయింది.

1991లో ‘లా వియెయ్ కి మార్షే దాన్ లా మేర్’లో ఆమె ముసలి మోసగత్తె. పెద్దింటి ఆడమనిషిలా వేషం, లోపలంతా బూతులు, దేవుడితో తగువులు, కుర్ర దొంగను తీర్చిదిద్దాలన్న తపన. దీనికే ఫ్రాన్స్‌లో ఉత్తమ నటికిచ్చే సెజార్ వచ్చింది. అంత గొప్ప సినిమా కాదు, కానీ ఆమె దాంట్లో పడ్డ సరదా అంతా ఇంతా కాదు. 2001లో తన స్నేహితురాలు ద్యురాస్ పాత్రనే వేసింది. 2012లో పోర్చుగీసు దర్శకుడు మనోయెల్ ద ఒలివేరా తీసిన ‘గెబో అండ్ ద షాడో’లో కనిపించింది. ఆమెకు 84, ఆయనకు నూరు దాటి మూడేళ్లు!

ముఖం మారింది, నడక నెమ్మదించింది. గొంతు మాత్రం పొగతో మరింత లోతుకు దిగింది. 1992లో ద్యురాస్ నవలను ‘ద లవర్’గా తీసినప్పుడు ఆమె తెరమీద ఎక్కడా కనిపించదు, కథ చెప్పే ముసలి గొంతు మాత్రం ఆమెది. పదిహేనేళ్ల పిల్ల కథ అది. మీరు వింటున్నది ఒకప్పుడు ఆ పిల్లే అయిన మనిషిని అని నమ్మించాలి, అదీ ముఖం సాయం లేకుండా. మైకు ముందు కూర్చునే మాలాంటి వాళ్లకు అదొక పాఠం. ఆ గొంతు ఎక్కడా ముద్దుగా మాట్లాడదు, జాలి అడగదు.

శ్రోతలకు, ముఖ్యంగా ఊళ్లలో ఫిల్మ్ సొసైటీలు నడిపే మిత్రులకు, హైదరాబాదులో ఫ్రెంచి సినిమాలు వేసే అలియాన్స్ ఫ్రాన్సేజ్ లాంటి సంస్థలకు ఒక మనవి. మొరో సినిమాలు వేయదలిస్తే నాలుగు పాత హిట్లతో సరిపెట్టకండి. ‘గ్రిస్బి’తో మొదలుపెట్టండి, ‘ఎలివేటర్’, ‘లా నోత్తె’ ఒకే రోజు వేయండి, ఆమె దర్శకత్వం వహించిన వాటిలో ఒకటైనా తెప్పించండి, ముసలితనంలో చేసినవి కనీసం రెండు ఉంచండి. సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులో ఉంటాయని వెనకాడేవాళ్ల కోసం సినిమాకు ముందు కథ ఐదు నిమిషాలు తెలుగులో చెప్పించండి. టిక్కెట్టు పెట్టినా ఫర్వాలేదు. జనం వస్తారు.